మూడు రౌటర్ల ఇంట్లో ఆటోమేటిక్ పోర్ట్ ఫార్వార్డింగ్: ప్రాజెక్టు డైరీ

రౌటర్ వెనక రౌటర్ ఉన్న ఇంట్లో పోర్టులు (బయటి ఇంటర్నెట్ నుంచి ఇంట్లో పరికరాన్ని చేరడానికి ఉండే నంబర్ల తలుపులు) వాటంతటవే తెరుచుకునేలా చేయబోయి మొత్తం 28 గంటలు పోగొట్టుకున్నాను. అందులో కనీసం 18 గంటలు మీకు మిగలాలని ఈ డైరీ. ముందే ఒక మాట. మీ ఇంట్లో రెండో రౌటర్ కేవలం వైఫై అందట్లేదని పెట్టుకున్నదే అయితే దాన్ని యాక్సెస్ పాయింట్‌గా, అంటే వైఫై మాత్రమే అందించే డబ్బాగా మార్చేయండి. అందులో డీహెచ్‌సీపీ (పరికరాలకి అడ్రస్‌లు పంచే పని) ఆపేసి, దాని అడ్రస్ మొదటి రౌటర్ అడ్రస్‌తో కలవకుండా మార్చి, వైరు వాన్ (బయటి వైపు) సాకెట్లో కాకుండా లాన్ (లోపలి వైపు) సాకెట్లో గుచ్చితే సరిపోతుంది, కింద రాసిందంతా మీకు అనవసరం. నాకలా కుదరలేదు, ఎందుకంటే పక్క పోర్షన్‌లో అద్దెకుండేవాళ్లు కూడా మా లైనే వాడుకుంటారు, వాళ్ల ఫోన్లూ మా కెమెరాల డబ్బా ఒకే నెట్‌వర్క్‌లో ఉండటం నాకిష్టం లేదు. మోడెంని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే రౌటర్ పని మానేసి లైను మాత్రమే అందించేలా పెట్టమని కంపెనీని అడిగాను, మా ప్లాన్‌లో ఇవ్వం అన్నారు. ఆ దారి అక్కడితో మూసుకుపోయింది.

దశ 0: ఏది ఎక్కడుంది

1. కింద హాల్లో కంపెనీ పెట్టిన ఫైబర్ మోడెం, అదే మొదటి రౌటర్ కూడా. అడ్రస్ 192.168.1.1. డీవీఆర్ (కెమెరాల డబ్బా), టీవీ, అమ్మానాన్నల ఫోన్లు దీనికే.
2. మేడ మీద నా గదిలో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించిన పాత రౌటర్. వాన్ వైపు 192.168.1.50, లోపల 192.168.2.1.
3. పక్క పోర్షన్‌లో అదే మోడల్ ఇంకోటి. వాన్ వైపు 192.168.1.60, లోపల 192.168.3.1.

మూడోది మొదట్లో లోపల కూడా 192.168.1.1 తోనే ఉండేది. రెండు వైపులా ఒకే నంబర్ల వరస ఉంటే ఏ ప్యాకెట్ ఎటు పోవాలో దానికే తెలియదు, అరగంట తల పట్టుకున్నాక గాని ఇది తట్టలేదు. రౌటర్ కొత్తగా తగిలించేటప్పుడు లోపలి నంబరు మార్చడం మొదటి పని.

కావలసిన పోర్టులు మూడు రకాలు. డల్లాస్‌లో ఉండే అన్నయ్య ఇంటికీ మా ఇంటికీ మధ్య ఫొటోలు ఇచ్చిపుచ్చుకునే సింక్‌థింగ్, ఇది నా గదిలో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద నడుస్తుంది, దాని సొంత పోర్టు 22000. బయట ఉన్నప్పుడు ఇంట్లోకి రావడానికి రెండో రౌటర్ మీదే వైర్‌గార్డ్ అనే వీపీఎన్, 51820 యూడీపీ (యూడీపీ, టీసీపీ అనేవి డేటా పంపే రెండు పద్ధతులు). ఇక గేమ్ కన్సోళ్లు రెండు, ఒకటి మా మేనల్లుడిది నా రౌటర్ వెనక, ఇంకోటి అద్దెవాళ్ల అబ్బాయిది మూడో రౌటర్ వెనక. రెంటికీ కావలసింది 3074 యూడీపీ. ఒకే నంబరు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, దశ 5లో పనికొస్తుంది.

దశ 1: దానంతటదే ఎందుకు కావట్లేదు (రోజు 1, 2)

మూడు రౌటర్లలోనూ యూపీఎన్‌పీ, అంటే పరికరం అడిగితే రౌటర్ దానంతటదే పోర్టు తెరిచే పద్ధతి, ఆన్ చేసే ఉంది. అయినా సింక్‌థింగ్‌లో అన్నయ్య పేరు పక్కన ఎప్పుడు చూసినా రిలే అనే ఉండేది, అంటే ఫొటోలు నేరుగా కాకుండా మధ్యలో ఎవరిదో సర్వర్ ఎక్కి దిగి వస్తున్నాయన్నమాట. సెకనుకు 180 కిలోబైట్ల దగ్గర పాకేది.

కొలిచిన పద్ధతి:

1. రాస్ప్‌బెర్రీ పై మీద మినీయూపీఎన్‌పీసీ (రౌటర్‌ని యూపీఎన్‌పీలో అడిగే ప్రోగ్రాం) వేసి, ఉన్న మ్యాపింగ్‌ల, అంటే తెరిచిన పోర్టుల జాబితా అడిగాను.
2. బయటి అడ్రస్ ఏమిటో కూడా అదే చెప్తుంది. 192.168.1.50 అంది.
3. అదే పని అమ్మ ఫోన్ ఉండే నెట్‌వర్క్‌లోకి ల్యాప్‌టాప్ తీసుకెళ్లి చేశాను. అక్కడి జాబితాలో నా రాస్ప్‌బెర్రీ పై ఊసే లేదు.

ఆ రెండో జవాబు దగ్గరే కథంతా ఉంది. యూపీఎన్‌పీ వాడే పరికరం 239.255.255.250 అనే అడ్రస్‌కి 1900 పోర్టులో "ఇక్కడ గేట్‌వే (బయటికి దారి ఇచ్చే రౌటర్) ఎవరు?" అని కేకేస్తుంది. ఆ కేక దగ్గరి రౌటర్ దాటి పోదు. దగ్గరి రౌటర్ "నేనే" అని, అడిగిన పోర్టు తన వాన్ వైపు తెరిచి, పని అయిపోయిందని చెప్పేస్తుంది. తన పైన ఇంకో రౌటర్ ఉందనీ, దాని తలుపు ఇంకా మూసే ఉందనీ అది ఎవరికీ చెప్పదు. ఇదే పని చేసే నాట్-పీఎంపీ, పీసీపీ పద్ధతులు కేకేయకుండా డిఫాల్ట్ గేట్‌వేనే నేరుగా 5351లో అడుగుతాయి గాని, అవీ వెళ్లేది ఆ దగ్గరి రౌటర్ దాకానే.

ఇక్కడే నేను చేసిన పెద్ద తప్పు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో యూపీఎన్‌పీ చూసుకునే మినీయూపీఎన్‌పీడీ నిజానికి నోరు మూసుకుని ఊరుకోలేదు, వాన్ మీద ఉన్నది ప్రైవేట్ అడ్రస్ (బయటి ఇంటర్నెట్‌లో చెల్లనిది), ఇలా అయితే పోర్ట్ ఫార్వార్డింగ్ కుదరదు అని లాగ్‌లో రాసి పెట్టింది. కొత్త మ్యాపింగ్‌లు తీసుకోవడం కూడా మానేసింది. నేనేం చేశానంటే, దాని సెట్టింగ్స్‌లో బయటి అడ్రస్ చేత్తో రాసే గడి ఉంటే, "నా ఐపీ ఏంటి" అని చూపించే సైటులో కనబడ్డ నంబరు తెచ్చి అందులో పెట్టాను. వార్నింగ్ పోయింది, మ్యాపింగ్‌లు తీసుకోవడం మొదలుపెట్టింది, నాకు ఆనందం. నేను నొక్కేసింది సరైన వార్నింగ్ అని తొమ్మిదో రోజుకి గాని తెలియలేదు.

ఇప్పటిదాకా లెక్క: 3 గంటలు. ఖర్చు 0. బయటినుంచి తెరుచుకున్న పోర్టులు 0.

దశ 2: ఒక రౌటర్ మాట ఇంకో రౌటర్‌కి మోసే స్క్రిప్టు (రోజు 3 నుంచి 6)

ఆలోచన ఏమిటంటే, రెండో రౌటర్ తనిచ్చిన పోర్టులన్నీ లీజుల ఫైల్‌లో ఒక్కో లైనుగా రాసుకుంటుంది: టీసీపీనా యూడీపీనా, బయటి పోర్టు, లోపలి అడ్రస్, లోపలి పోర్టు, గడువు, పేరు, మధ్యలో కోలన్లు. నిమిషానికోసారి క్రాన్ (టైము ప్రకారం పనులు నడిపే ప్రోగ్రాం) ఆ ఫైల్ చదివి, కొత్త లైను కనబడితే అదే పోర్టు తనకిమ్మని మోడెంని మినీయూపీఎన్‌పీసీతో అడగాలి. 38 లైన్ల షెల్ స్క్రిప్టు. మూడు చోట్ల బోర్లా పడింది.

మొదటిది. రెండో రౌటర్‌లోంచి వెతికితే గేట్‌వే ఏదీ దొరకలేదు అంటుంది. అదే మోడెంని ల్యాప్‌టాప్ నుంచి వెతికితే టక్కున దొరుకుతుంది. దీనికి మూడు గంటలు. చివరికి వాన్ మీద టీసీపీడంప్ (వచ్చే పోయే ప్యాకెట్లు చూపించే ప్రోగ్రాం) పెట్టి చూస్తే, కేక బయటికి వెళ్తోంది, జవాబు వస్తోంది, కానీ ప్రోగ్రాముకి చేరట్లేదు. కారణం ఫైర్‌వాల్. కేక వెళ్లింది 239.255.255.250కి, జవాబు వచ్చింది 192.168.1.1 నుంచి. ఈ రెంటికీ సంబంధం ఉందని ఫైర్‌వాల్‌కి ఎలా తెలుస్తుంది, ఎవరో అనామకుడు పంపిన ప్యాకెట్ అనుకుని పడేస్తోంది. వాన్ వైపు 192.168.1.1 నుంచి, 1900 పోర్టు నుంచి వచ్చే యూడీపీని రానివ్వమని ఒక్క రూలు రాస్తే పోయింది.

వెతుకులాట లేకుండా మోడెం వివరాల యూఆర్‌ఎల్ నేరుగా ఇచ్చే ఆప్షన్ కూడా ఉంది. మొదట అదే వాడి గెలిచాననుకున్నాను. మా మోడెం రీస్టార్ట్ అయిన ప్రతిసారీ ఆ యూఆర్‌ఎల్‌లో పోర్టు నంబరు మారుస్తుంది. కాబట్టి మీరూ ఆ షార్ట్‌కట్ జోలికి పోకండి.

రెండోది. గంట గడువుతో అడిగితే 725 అనే ఎర్రర్. ఆ అంకెకి అర్థం, గడువులు నాకు తెలియవు, ఇస్తే శాశ్వతంగా ఇస్తాను అని. గడువు 0 అని పెడితే ఒప్పుకుంది. ఒప్పుకుందని సంబరపడ్డాను గాని, శాశ్వతంగా ఇచ్చినదాన్ని ఎవరో ఒకరు తీసేయాలి కదా, ఆ ఎవరో నేనే అని అప్పుడు తోచలేదు.

మూడోది చిన్నది. పేరులో ఖాళీ ఉన్న లైను వచ్చినప్పుడల్లా స్క్రిప్టు దాన్ని రెండు ముక్కలు చేసి చదివేది. ఫైల్‌ని పదం పదంగా కాకుండా లైను లైనుగా చదివించాను. పది నిమిషాల పని.

ఆరో రోజు రాత్రికి మోడెం జాబితాలో నాలుగు ఎంట్రీలు కనబడ్డాయి. అందులో సింక్‌థింగ్ ఎంట్రీ 22000 కాదు, 38 వేల చిల్లర నంబరు. ఇది తప్పు కాదు, సింక్‌థింగ్ బయటి వైపు నంబరుని 1024 పైన తనకు తోచింది ఎంచుకుని అడుగుతుంది, గంట లీజు తీసుకుని అరగంటకోసారి పొడిగించుకుంటుంది.

ఇప్పటిదాకా లెక్క: 10.5 గంటలు. ఖర్చు 0. స్క్రిప్టు 38 లైన్లు. మోడెం జాబితాలో ఎంట్రీలు 4. బయటినుంచి తెరుచుకున్నవి... అప్పటికి పరీక్షించలేదు.

దశ 3: జాబితాలో ఉంది, బయట లేదు (రోజు 7 నుంచి 13)

అన్నయ్యకి ఫోన్ చేసి ఇప్పుడు చూడమన్నాను.

"ఒరేయ్, ఇంకా రిలే అనే ఉందిరా."

"అన్నయ్యా, ఐదు నిమిషాలు ఆగు, ఒకసారి రీస్టార్ట్ చెయ్యి."

"మూడుసార్లు చేశాను. మీ దగ్గరే ఏదో ఉంది."

ఏడు, ఎనిమిది రోజులు స్క్రిప్టులో తప్పు వెతుకుతూ పోయాయి. ఇంట్లోంచే ఇంటి బయటి అడ్రస్‌కి కనెక్ట్ అయి చూడటం మరో తెలివితక్కువ పని. లోపలినుంచి బయటి అడ్రస్ కొడితే మళ్లీ లోపలికే తిప్పి పంపడం అన్ని రౌటర్లకూ రాదు, దాంతో తెరిచి ఉన్న పోర్టు కూడా మూసినట్టే కనబడుతుంది. పరీక్ష ఎప్పుడూ ఇంటి నెట్ కాని దాంట్లోంచి చేయాలి. నేను ఫోన్‌లో వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద టెర్మక్స్ అనే యాప్‌లో నెట్‌క్యాట్ (పోర్టు తట్టి చూసే ప్రోగ్రాం) వాడాను. ఇది టీసీపీకే. వైర్‌గార్డ్ అయితే తన తాళంచెవి లేని ప్యాకెట్‌కి జవాబే ఇవ్వదు, స్కానర్లకి అది ఉన్నట్టే తెలియదు, నిజంగా కనెక్ట్ అయి హ్యాండ్‌షేక్ పడిందో లేదో చూడటం ఒక్కటే దారి.

తొమ్మిదో రోజు నోట్‌బుక్ వెనక్కి తిప్పాను. మొదటి రోజే మోడెం పేజీలో వాన్ అడ్రస్ చూసి రాసుకున్నాను, 100.72 తో మొదలయ్యే నంబరు. పక్కన టిక్కు పెట్టి "పబ్లిక్" అని కూడా రాశాను. 10 తో మొదలవలేదు, 192.168 కాదు, 172.16 కాదు, కాబట్టి పబ్లికే అనుకున్నానన్నమాట. కాదు. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అడ్రస్‌లన్నీ ఇంటర్నెట్ కంపెనీలు తమ లోపలి నాట్ (ఒకే అడ్రస్‌ని చాలా పరికరాలకి పంచే పద్ధతి) కోసం వాడుకోవడానికి 2012లో పక్కన పెట్టినవి, సీజీనాట్ అంటారు. అంటే మా ఇంటి మూడు రౌటర్ల పైన కంపెనీది నాలుగోది ఉంది, ఒకే పబ్లిక్ అడ్రస్‌ని ఎన్నో ఇళ్లకి పంచుతోంది, అక్కడ నా స్క్రిప్టుని పట్టించుకునే నాథుడు లేడు. దశ 1లో నేను సైటు నుంచి తెచ్చి రెండో రౌటర్‌లో పెట్టిన నంబరు ఆ ఉమ్మడి అడ్రస్.

కాబట్టి ఎవరైనా చేయాల్సిన మొట్టమొదటి పని, ఒక్క నిమిషం పట్టేది:

1. మోడెం పేజీలో వాన్ అడ్రస్ చూడండి.
2. బయటి సైటులో కనబడే అడ్రస్ చూడండి.
3. రెండూ అక్షరం పొల్లు పోకుండా ఒకటే అయితే ముందుకెళ్లండి. తేడా ఉంటే అక్కడే ఆగి కంపెనీకి ఫోన్ చేయండి.

నేను ఫోన్ చేశాను. కస్టమర్ కేర్‌లో ముగ్గురికి మొదటినుంచి చెప్పాను, ముగ్గురూ మోడెం ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయమన్నారు. చివరికి మా వీధి లైన్లు చూసుకునే అబ్బాయి "స్టాటిక్ ఐపీ కావాలని రాయించండి సార్, పోర్టు అంటే వాళ్లకి అర్థం కాదు" అని ఒక్క ముక్కలో తేల్చాడు. ఏడాదికి 2,000, జీఎస్టీతో 2,360. నాలుగు రోజులకి వచ్చింది. మోడెం ఆన్ అవగానే రెండు నంబర్లూ కలిశాయి. సాయంత్రానికి సింక్‌థింగ్‌లో రిలే అన్న మాట పోయి, వేగం సెకనుకు 4 మెగాబైట్లు దాటింది.

ఇప్పటిదాకా లెక్క: 14.5 గంటలు. ఖర్చు 2,360. బయటినుంచి తెరుచుకున్నవి 4లో 4.

దశ 4: రాత్రి తెరిచినవి పొద్దున మూసి ఉంటాయి (రోజు 14 నుంచి 24)

రెండు రోజులు బాగుంది. మూడో రోజు పొద్దున అన్నయ్య మెసేజ్, మళ్లీ రిలే.

ఈసారి ఊహలు మానేసి కొలత పెట్టాను. అన్నయ్య ఇంట్లో ఉన్న చిన్న కంప్యూటర్ ఐదు నిమిషాలకోసారి మా పోర్టు తట్టి, తెరిచుందో లేదో టైముతో సహా రాసేలా చేశాం. ఏడు రోజులకి 2,016 సార్లు తట్టింది. 611 సార్లు జవాబు లేదు. నా గదిలోని రౌటర్ లాగ్‌తో పక్కపక్కన పెట్టి చూస్తే ఆ 611లో 270 మాకు అసలు నెట్టే లేని సమయం, మూడు రాత్రులు, రాత్రి పదింటి నుంచి తెల్లవారి ఐదున్నర దాకా. మిగతా 341 సార్లు నెట్ బాగానే ఉంది, పోర్టు మాత్రం మూసుకుంది. అంటే 28 గంటలకు పైనే.

మూడు రాత్రులూ గాలివాన పడ్డ రాత్రులే. కిందికెళ్లి అడిగాను.

"ఉరుములొస్తుంటే ఆ డబ్బా అలా వెలుగుతూ ఎందుకురా? అందరూ పడుకున్నారు కదా అని స్విచ్ తీసేశాను" అంది అమ్మ. లైను ఫైబర్ కదమ్మా, గాజు తీగలోంచి పిడుగు రాదు అని చెప్పబోయి ఆగాను. అడాప్టర్ కరెంటు లైనుకే కదా ఉంది, అందులోంచి వస్తుంది. అమ్మ అన్నదాంట్లో తప్పేం లేదు.

తప్పు స్క్రిప్టుది. మోడెం ఆఫ్ అయితే దాని యూపీఎన్‌పీ జాబితా మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. పైన నా రౌటర్ ఇన్వర్టర్ లైను మీద ఉంది, అది ఆగదు, దాని లీజుల ఫైల్ చెక్కుచెదరదు. నా స్క్రిప్టు ఒకసారి పంపిన లైనుని పంపేశాను అని గుర్తుపెట్టుకుని మళ్లీ పంపదు. పగలు పావుగంట కరెంటు పోయినా ఇదే తంతు, మోడెం చచ్చి బతుకుతుంది, నా రౌటర్‌కి ఆ సంగతే తెలియదు.

మార్చినవి:

1. స్క్రిప్టు ఇప్పుడు దేన్నీ గుర్తుపెట్టుకోదు. ప్రతిసారీ మోడెం జాబితా తెప్పించి, తన లీజుల ఫైల్‌తో పోల్చి, లేనివి మాత్రమే అడుగుతుంది.
2. నిమిషానికోసారి కాదు, మూడు నిమిషాలకోసారి. నిమిషానికోసారి జాబితా అడుగుతుంటే మోడెం పేజీ తెరుచుకోవడానికే ఆయాసపడేది.
3. మోడెంకి 12 వోల్టుల చిన్న యూపీఎస్, 1,450. కొనేముందు అడాప్టర్ మీద వోల్టులూ ఆంపియర్లూ చూసుకోండి, పిన్ను సరిపోయినంత మాత్రాన చాలదు.

ఇవన్నీ అయ్యాక ఇరవై రెండో రోజు కొత్త పోర్టులేవీ పడట్లేదు. జాబితా చూస్తే 32 ఎంట్రీలు. నా మోడెంలో 32 దాటితే ఇక తీసుకోదు. అందులో 26 చచ్చినవి, ల్యాప్‌టాప్‌లోని టొరెంట్ ప్రోగ్రాం తెరిచిన ప్రతిసారీ కొత్త నంబరు అడుగుతుంది, రెండో రౌటర్‌లో గడువు తీరి అవి పోతున్నాయి గాని మోడెంలో నేను శాశ్వతంగా పెట్టినవి అలాగే పడి ఉన్నాయి. దశ 2లో తోచని సంగతి ఇదే. స్క్రిప్టు పెట్టే ప్రతి ఎంట్రీ పేరు ముందు ఒక గుర్తు తగిలించి, ఆ గుర్తు ఉండి లీజుల ఫైల్‌లో లేనివాటిని తీసేసేలా రాశాను. గుర్తు లేకుండా తీసేస్తే నావి కానివి కూడా ఊడతాయి, ఒకసారి ఊడాయి కూడా.

ఇప్పటిదాకా లెక్క: 20.5 గంటలు. ఖర్చు 3,810. స్క్రిప్టు 94 లైన్లు.

దశ 5: ఇద్దరికీ 3074 కావాలి (రోజు 25, 26)

మూడో రౌటర్‌లోనూ అదే స్క్రిప్టు పెట్టాను. మర్నాడు సాయంత్రం అద్దెవాళ్ల అబ్బాయి మెట్ల దగ్గర ఆపి, "అన్నా, నిన్న ఓపెన్ అంది, ఇవాళ మళ్లీ స్ట్రిక్ట్ అంటోంది" అన్నాడు. పోర్టు తెరిచి ఉంటే ఓపెన్, లేకపోతే స్ట్రిక్ట్ అని కన్సోల్ చూపిస్తుంది. నిన్న మా మేనల్లుడు ఊళ్లో లేడు, అదీ తేడా.

ఇద్దరి కన్సోళ్లూ తమ తమ రౌటర్లని 3074 అడిగాయి. రెండో రౌటర్ ఇచ్చింది, మూడో రౌటరూ ఇచ్చింది, ఎవరి ఇంటి లెక్క వాళ్లకి సరిగ్గానే ఉంది. మోడెం దగ్గరికొచ్చేసరికి 3074 ఒక్కటే, ముందు వచ్చినవాడికి దక్కింది, రెండోవాడికి 718, అంటే ఆ నంబరు ఇంకొకరి పేరు మీద ఉంది అని. కానీ అప్పటికే రెండో కన్సోల్‌కి దాని రౌటర్ సరే అనేసింది కదా, ఆ మాట వెనక్కి తీసుకునే దారి నా స్క్రిప్టుకి లేదు.

వేరే నంబరు ఇద్దామని చూశాను, 3075 బయట, 3074 లోపల. కుదరలేదు, కన్సోల్ తనది 3074 అనే నమ్మకంలో ఉంటుంది. దారి కన్సోల్‌లోనే ఉంది, నెట్‌వర్క్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో వేరే పోర్టు ఎంచుకునే ఆప్షన్ ఉంటుంది. మేనల్లుడి కన్సోల్‌ని అక్కడున్న ఇంకో నంబరుకి మార్చాను. పదిహేను నిమిషాల పని, కనిపెట్టడానికి రెండు గంటల పైన.

ఇప్పటిదాకా లెక్క: 23 గంటలు. ఖర్చు అంతే.

దశ 6: అడగనివి కూడా తెరుచుకున్నాయి (రోజు 27 నుంచి 33)

శుభ్రం చేద్దామని మోడెం జాబితా మొత్తం ప్రింట్ తీసి ఒక్కో లైనూ ఎవరిదో పెన్సిల్‌తో రాస్తున్నాను. రెండు లైన్లు ఎవరివో తెలియలేదు. 554, 8000. లోపలి అడ్రస్ చూస్తే డీవీఆర్.

కాసేపు అలాగే కూర్చున్నాను. కెమెరాలు బిగించి మూడేళ్లయింది. దాంట్లో యూపీఎన్‌పీ మొదటినుంచీ ఆన్‌లోనే ఉంది, ప్రతిరోజూ మోడెంని అడిగి ఆ రెండు పోర్టులూ తెరిపించుకుంటూనే ఉంది. మూడేళ్లూ ఏమీ కాలేదంటే కారణం నా జాగ్రత్త కాదు, పైనున్న సీజీనాట్. దాన్ని 2,360 కట్టి నేనే తీయించాను. అంటే పద్నాలుగు రోజులుగా మా వాకిలి కెమెరా ప్రపంచానికి తలుపు తెరుచుకుని ఉంది, పాస్‌వర్డ్ బిగించిన కుర్రాడు పెట్టి వెళ్లినదే, ఒకటి నుంచి వరసగా అంకెలు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఇలా పాస్‌వర్డ్ మార్చని కెమెరాలు, డీవీఆర్‌లలోకే దూరింది. డీవీఆర్ లాగ్ చూస్తే చైనా నుంచో మరెక్కడినుంచో తెలియని అడ్రస్‌లు లాగిన్ కోసం ప్రయత్నించిన లైన్లు పేజీలకు పేజీలు. ఆ రాత్రే ఫ్యాక్టరీ రీసెట్ చేసి, ఫర్మ్‌వేర్ కొత్తది ఎక్కించి, పాస్‌వర్డ్ మార్చి, దాని యూపీఎన్‌పీ ఆపేశాను. ఇప్పుడు బయటినుంచి కెమెరా చూడాలంటే వైర్‌గార్డ్ మీదే.

యూపీఎన్‌పీలో అడిగేవాడెవడు అన్న ప్రశ్నే లేదు. ఇంట్లో ఉన్న ఏ వస్తువు అడిగినా ఇచ్చేస్తుంది. నా 94 లైన్ల స్క్రిప్టు చేస్తున్న పని ఆ గుడ్డి ఔదార్యాన్ని ఒక రౌటర్ నుంచి ఇంకో రౌటర్‌కి మోయడమే. అది అర్థమయ్యాక స్క్రిప్టు మీద మోజు పోయింది.

తీసేసి, దాని బదులు పెట్టింది ఇదీ. కాపీ చేసుకునేవాళ్లు ఇక్కడినుంచి చేసుకోండి:

1. మోడెంలో యూపీఎన్‌పీ పూర్తిగా ఆఫ్.
2. మోడెం డీహెచ్‌సీపీలో రెండో రౌటర్‌కి 192.168.1.50, మూడోదానికి 192.168.1.60 ఎప్పటికీ అవే వచ్చేలా కట్టేయడం.
3. మోడెంలో చేత్తో రాసిన ఫార్వార్డింగ్‌లు: 22000 టీసీపీ, 51820 యూడీపీ, మేనల్లుడి కన్సోల్ పోర్టు, ఇవన్నీ .50కి. 3074 యూడీపీ .60కి.
4. మోడెంలోనే రెండు వరసలు, టీసీపీ, యూడీపీ రెండూ: 40000 నుంచి 40049 వరకు .50కి, 40050 నుంచి 40099 వరకు .60కి.
5. రెండో, మూడో రౌటర్లలో యూపీఎన్‌పీ ఆన్, కానీ తమ తమ వరసలోని 50 పోర్టులకీ, తమ కన్సోల్ పోర్టుకీ మాత్రమే అనుమతి. బయటి అడ్రస్ గడిలో మా స్టాటిక్ ఐపీ, ఈసారి నిజమైనది.
6. సింక్‌థింగ్‌లో నాట్ ఆప్షన్ ఆఫ్, ఎందుకంటే అది అడిగే నంబరు ఈ వరసలో పడదు. రెండో రౌటర్‌లో 22000ని రాస్ప్‌బెర్రీ పై అడ్రస్‌కి చేత్తో ఫార్వార్డ్. వైర్‌గార్డ్ రౌటర్ మీదే ఉంది కాబట్టి దానికి ఫార్వార్డింగ్ అక్కర్లేదు, ఫైర్‌వాల్‌లో రానిస్తే చాలు.
7. టొరెంట్ ప్రోగ్రాంకి రోజుకో నంబరు కాకుండా 40010 స్థిరంగా.

మోడెంకి ఇక ఏదీ చెప్పనక్కర్లేదు. 50 పోర్టుల గుత్త ముందే ఇచ్చేసింది, లోపల ఎవరికి ఏది అన్నది ఆయా రౌటరే తేల్చుకుంటుంది. రెండు రౌటర్లు ఒకే నంబరు కోసం కొట్టుకునే పనీ లేదు.

ఐదో అంశంలో ఒకరోజు పోయింది. అనుమతుల జాబితాలో నా వరస రాశాను, అయినా పరీక్షకి 6000 అడిగితే ఇచ్చేసింది. మినీయూపీఎన్‌పీడీ జాబితాని పైనుంచి కిందికి చదువుతుంది, మొదట ఏది సరిపోతే అదే తీర్పు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీతో పాటు వచ్చే రూలు, 1024 పైనవన్నీ ఎవరికైనా ఇవ్వు అనేది, నా రూలు పైన కూర్చుని ఉంది. దాన్ని తీసేశాను. అన్నీ కాదను అనే చివరి రూలు మాత్రం తీయకండి, ఏ రూలూ సరిపోకపోతే మినీయూపీఎన్‌పీడీ సరే అనేస్తుంది, కాదు అనదు.

ఇప్పటిదాకా లెక్క: 28 గంటలు. ఖర్చు 3,810. స్క్రిప్టు 0 లైన్లు. మోడెం జాబితాలో చేత్తో రాసినవి 6, వాటంతటవి వచ్చినవి 0.

రోజు 41

రాత్రి 9:52కి అన్నయ్య ఇంటి కంప్యూటర్‌కి జవాబు ఆగిపోయింది. బయట గాలివాన. యూపీఎస్ ఉండగా ఎలా ఆగిందా అని పొద్దున కిందికెళ్లాను. "స్విచ్ తీసినా దాని లైటు ఆరట్లేదురా, వైరే పీకేశాను" అంది అమ్మ, కాఫీ కలుపుతూ. పిన్ను నేనే గుచ్చాను, 6:14. మోడెం లేవడానికి 2 నిమిషాల 10 సెకన్లు పట్టింది. 6:20కి తట్టినప్పుడు 22000 తెరిచే ఉంది.